గ్యారేజీ తలుపు బార్లా తెరిచిన మహానుభావులకు

ఇప్పుడే జరిగింది. చేతులింకా వణుకుతున్నాయి, చలికి కాదు. ఇక్కడ అమెరికాలో, మినియాపొలిస్‌లో, బయట మైనస్ 8 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 22 సెల్సియస్. సంక్రాంతి భోజనాలని పిలిచాం. బిర్యానీ ట్రేలు లోపలికి తేవాలి. ముందు గుమ్మం ఉంది, దానికి నేనే మంచు తవ్వి దారి చేశాను, ఉప్పు కూడా చల్లాను. అబ్బే, మా తోడల్లుడుగారికి గ్యారేజీ బటన్ కనబడింది. నొక్కేశారు. పదహారడుగుల తలుపు పైకి లేచింది. ట్రేలు లోపలికొచ్చాయి. తలుపు మాత్రం లేచింది లేచినట్టే ఉంది, ఆయనకు ఇండియా నుంచి ఫోనొచ్చింది మరి. మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతున్నారు, నా వడ్రంగి వర్క్‌బెంచ్ పక్కనే!

ఆ బెంచ్ మీద, అతికించిన చెక్కల్ని బిగించి పట్టే క్లాంపుల్లో, ఏముందో తెలుసా? పూజా మందిరం తలుపులు. చెర్రీ చెక్క. పొద్దున్నే లేచి హీటర్ వేసి, చెక్కా గ్లూ రెండూ వెచ్చబడ్డాక అతికించాను. మామూలు పసుపురంగు వుడ్ గ్లూకి దాదాపు 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్, ఉండాలి. అంతకన్నా చల్లబడితే ఆరినట్టే కనిపిస్తుంది, కానీ తెల్లగా సుద్దలా అయిపోతుంది, బలం ఉండదు. "పోనీలే, మళ్లీ హీటర్ వెయ్" అన్నారు మా ఆవిడ చెల్లెలు. గాలి వేడెక్కడానికి ఎంతసేపు? పది నిమిషాలు. చల్లబడిన సిమెంటు నేల, రంపం మెషీను ఇనప టేబులు, ఆ చెక్క, అవి మళ్లీ వెచ్చబడేసరికి పొద్దుగూకుతుంది. ఈలోగా గ్లూ తన నిర్ణయం తను తీసేసుకుంటుంది.

సరే, జరిగిందేదో జరిగింది. ఆ తర్వాత మొదలయ్యాయి సలహాలు. ఒకాయన, "తమ్ముడూ, ఇల్లంతా వేడిచేసే నీ ఫర్నేస్ గాలిగొట్టం, అదే డక్ట్, ఈ గోడ వెనకే కదా, ఓ బెజ్జం కొట్టి వెంట్ పెట్టెయ్. ఫ్రీ హీటు!" అబ్బ, ఏం బుర్ర! ఇంటికి గాలి పంపే ఫర్నేస్‌ని గ్యారేజీకి కలపొద్దని ఇళ్లు కట్టే నిబంధనల్లో, అదే కోడ్‌లో, రాసుంది. ఊరికే రాశారా? కారు స్టార్ట్ చేస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్, పెట్రోలు ఆవిర్లు, నా రంపపు పొట్టు, అన్నీ ఆ డక్ట్‌లోంచి నేరుగా పిల్లల బెడ్‌రూమ్‌లోకి. గ్యారేజీకీ ఇంటికీ మధ్య గోడకి జిప్సం బోర్డు కొట్టేదే మంటలు ఇంట్లోకి పాకకుండా. ఆ గోడకి ఈయన బెజ్జం కొట్టమంటారు. ఫ్రీగా.

ఇంకొకాయన ప్రొపేన్ హీటర్ అన్నారు. పొగగొట్టం లేనిది. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీళ్లు ఆవిరై గాల్లోకే వస్తాయండీ. ఆ ఆవిరంతా పోయి చల్లటి ఇనుము మీదే కూర్చుంటుంది. తెల్లారేసరికి నా టేబులు తుప్పు. కిటికీ తెరిచి పెట్టుకో అంటారు మళ్లీ. కిటికీ తెరిచేదానికి హీటర్ ఎందుకు స్వామీ?

మామూలు ప్లగ్గుకి పెట్టే 1500 వాట్ల హీటర్ సంగతి వదిలెయ్యండి, అది మోకాళ్లకి. రెండు కార్ల గ్యారేజీకి, అదీ మినియాపొలిస్‌లో, ఏమూలకి? అందుకే 240 వోల్టుల లైను లాగించి, 30 ఆంపుల బ్రేకర్ వేయించి, 5000 వాట్లది సీలింగుకి వేలాడదీయించాను. అది చూసి ఒక్కొక్కరి మొహం! "ఇంత ఖర్చు దేనికి, దండగ." ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగినా నలభై యూనిట్లు, ఆరేడు డాలర్లు. మీరు తెచ్చిన బిర్యానీ ట్రే ఎంతైందో చెప్పండి.

అసలు నాకు కాలేది ఇక్కడే. మనవాళ్ల గ్యారేజీల్లో రెండో వంటిల్లు ఉంటుంది. స్టవ్వు, సింకు, ఎగ్జాస్ట్ ఫ్యాను, అల్మారాలు, అన్నీ. చేపలు వేయిస్తే ఇంట్లో వాసన రాకూడదని! వేలకి వేలు పోస్తారు. దాన్ని ఎవరైనా దండగ అన్నారా? పైగా ఇంటికొచ్చినవాళ్లని తీసుకెళ్లి మరీ చూపిస్తారు. నేను అదే చోట ఒక హీటరు పెట్టుకుంటే పిచ్చి. ఎందుకంటే అది వడ్రంగి పని. వచ్చిన ప్రతివాడూ నవ్వుతూ ఒకే మాట: "ఇంజినీరింగ్ చదివి చివరికి ఇదా?" మా నాన్న స్నేహితులైతే ఇండియాలో ఆయన మొహం మీదే అన్నారట, మీవాడు అమెరికా వెళ్లి చెక్కలు కోస్తున్నాడటగా అని. వారాంతం అంతా సోఫాలో పడుకుని క్రికెట్ చూస్తే చదువుకున్నవాడు. ఉలి పట్టుకుంటే చదువు వృథా.

ఆ ఉలి పట్టినవాళ్లు లేకపోతే మన ఊళ్లో ఏ ఇంటికి గుమ్మం నిలబడింది? ద్వారబంధానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మామిడాకులు కట్టి దణ్ణం పెడతారు. దాన్ని చేసినవాడికి మాత్రం వరండాలో గ్లాసు విడిగా పెట్టి టీ పోసేవారు. నా చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. ఇక్కడికొచ్చి అందరూ మారిపోయారంటారు కదా, మారారు. గ్లాసు బదులు పేపర్ కప్పు.

ఇంకా ఉంది. తలుపు తెరిచిన మా తోడల్లుడుగారే, చెయ్యి కడుక్కుని వచ్చి, క్లాంపుల్లో ఉన్న మందిరం తలుపులు తడిమి చూసి, "ఇలాంటిదే మాకూ ఒకటి చేసిపెట్టు తమ్ముడూ, ఉగాదికల్లా. చెక్క డబ్బులు ఇచ్చేస్తాలే" అన్నారు.

చెక్క డబ్బులట! వాళ్లింట్లో సింకు లీకైతే వచ్చిన ప్లంబర్‌కి పైపు డబ్బులు మాత్రమే ఇచ్చారా? అడుగుదామనుకున్నాను. మా ఆవిడ కళ్లతోనే వద్దంది. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆయన ఇది చదువుతారని తెలుసు. చదవండి అన్నయ్యగారూ. రేటు ఇన్‌బాక్స్‌లో పంపిస్తాను, అడ్వాన్సు సగం.