"పెద్ద బాలు ఇస్తారా సార్?"

మన డాలస్ తెలుగువాళ్ళం గుంటూరులో చేసిన సేవా కార్యక్రమం ఫొటోలు మీరంతా గ్రూపులో చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, పన్నెండు క్రికెట్ కిట్లు, వాటి వెనక వరసగా నిలబడ్డ పిల్లలు. ఎడమ నుంచి నాలుగో మనిషిని నేను. ఆ ఫొటోల్లోకి రాని సంగతి ఒకటుంది. రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను గానీ, డాలస్ తిరిగొచ్చి ఆరు వారాలైనా మింగుడు పడటం లేదు.

అదొక మునిసిపల్ హైస్కూలు, పేరెందుకు లెండి. కిట్లు పంచడం అయ్యాక మామూలుగానే మైకు పిల్లల చేతికిచ్చి "ఏమన్నా అడగండమ్మా" అన్నాం. ఏటా ఎవరో ఒకరు అమెరికాలో చలి ఎంతుంటుందని అడుగుతారు, మనం ఒక జోకు వేస్తాం, ఆపైన జనగణమన, పులిహోర పొట్లాలు. ఈసారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచింది. రెండు జడలూ మడిచి రిబ్బన్లు కట్టుకుంది. ఎడమకాలి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"సార్, పెద్ద బాలు ఇస్తారా?"

మాకు అర్థం కాలేదు. "ఫుట్‌బాల్ సార్. మాకు ఒకటే ఉంది, గాలి నిలవట్లేదు" అంది.

మనవాళ్ళలో ఒకరు మైకు అందుకున్నారు. "ఫుట్‌బాల్లో మన ఇండియా ఎప్పుడన్నా గెలిచిందా తల్లీ? క్రికెట్ ఆడు, శ్రీచరణిలా కప్పు తెద్దువు గాని!" హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల కూర్చుంది.

ఆ మాటన్న మనిషి మంచివాడు. ఆ రోజు ఖర్చులో సగం ఆయన జేబులోదే. ఆయన మాటను తీసిపారేయడానికీ లేదు. 2025 నవంబర్ 2న మన అమ్మాయిలు క్రికెట్ వన్డే ప్రపంచకప్ గెలిచారు, కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆ జట్టులో ఉంది, ఊరూరా టపాసులు కాల్చారు. అంతకు మూడు వారాల ముందు ఫుట్‌బాల్ జట్టు గోవాలో, సొంత గడ్డ మీద, సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్‌కు దారి మూసేసుకుంది. గుంటూరు జనాభాలో మూడో వంతు కూడా లేని కురసావ్ అనే చిన్న దీవి 2026 వేసవి ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు అర్హత సంపాదించింది. మనం మాత్రం టికెట్లు కొనుక్కుని చూడటానికి వెళుతున్నాం. నవ్వొస్తుంది, కాదనను.

కానీ "ఎప్పుడన్నా గెలిచిందా" అన్న ప్రశ్నకు జవాబుంది. ఆ జవాబు మా ఇంట్లో విని విని నాకు నోటికొచ్చు. అందుకే నా నవ్వు నాకే గుచ్చుకుంది.

మా నాన్న బెజవాడలో గూడ్సు గార్డు. సత్యనారాయణపురం వైపు రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. డ్యూటీ లేని సాయంత్రాలు రైల్వే గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేవాడు, లెఫ్ట్ హాఫ్, అంటే మధ్య వరసలో ఎడమ పక్క. మంచి ఆటగాడేం కాదని తనే చెప్పేవాడు. కానీ బంతి మాత్రం ఆయన దగ్గరే ఉండేది, ఎందుకంటే దానికి సేవ చేసే ఓపిక ఇంకెవరికీ లేదు. ఇప్పటి బంతుల్లా వాల్వు కాదు. తోలు తొడుగు, లోపల రబ్బరు బ్లాడరు, నోటి దగ్గర తోలు లేసు. బ్లాడరుకి చిల్లి పడితే మూలనున్న సైకిల్ షాపుకి తీసుకెళ్ళేవాడు. షాపువాడు తొట్టి నీళ్ళలో ముంచి బుడగలెక్కడ వస్తున్నాయో చూసి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి ముక్క అంటించేవాడు. తర్వాత సైకిల్ పంపుతో గాలి కొట్టి, గొట్టాన్ని మడిచి దారంతో బిగించి లోపలికి తోసి, వంకర సూదితో లేసు లాగి ముడి వేయాలి. ఆ ముడి వేయడమే అసలు పని. పైకి లేస్తే తలతో కొట్టినవాడి నుదురు చీరుకుంటుంది. మా నాన్న ముడి వేశాక తన నుదుటికే రుద్దుకుని చూసుకునేవాడు.

వాన పడితే ఆ బంతి నీళ్ళు తాగి మినపరుబ్బు గిన్నెలా బరువెక్కేది. అమ్మ తిడుతున్నా వినకుండా రాత్రంతా పొయ్యి పక్కన పెట్టేవాడు, తెల్లారాక ఆముదం రాసేవాడు. ఆముదం రాస్తూనే పాఠం మొదలు. తంగరాజ్, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, చునీ గోస్వామి, పీకే బెనర్జీ, యూసుఫ్ ఖాన్, బలరాం. 1962 జకార్తా ఆసియా క్రీడల జట్టు. అమ్మకు విష్ణు సహస్రనామం ఎలాగో ఆయనకిది అలా. సెప్టెంబర్ 4న ఫైనల్, ఎదురు దక్షిణ కొరియా. అప్పటికి ఇండియా అధికారి ఒకరు అన్న మాటల మీద అక్కడ గొడవ రేగి, లక్షమంది జనం మనవాళ్ళు బంతి తాకితే చాలు అరిచి గోల చేస్తున్నారు. గోల్‌కీపర్ తంగరాజ్‌కి జ్వరం. జర్నైల్ తలకి కుట్లు, డిఫెండర్ని తీసుకెళ్ళి ముందు వరసలో పెట్టారు. పీకే ఒక గోలు, ఆ కుట్ల తల జర్నైల్ ఒక గోలు, 2-1. ఆ లక్షమందిలో మనకోసం అరిచినవాళ్ళు ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు. ఈ ముక్క దగ్గర మా నాన్న ఎప్పుడూ ఒక్క క్షణం ఆగేవాడు.

ఆ జట్టుకి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదీ, బడిపంతులు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల బంగారం కూడా ఆయన చేతి మీదే. జకార్తా నాటికి ఊపిరితిత్తుల క్యాన్సరు, మరుసటి ఏడు జూన్‌లో పోయారు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి ఐదేళ్ళు వరసగా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీని ఎత్తుకుపోయింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాంకి ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకి డబ్బులు ఇచ్చింది రహీం మాస్టారే.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కదా. సరిగ్గా నెల తిరిగి డిసెంబర్ 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు కొట్టాడు. నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. బలరాం, నూర్ మహమ్మద్, అజీజ్, లతీఫ్, సలాం, జుల్ఫికర్ అందరూ కొత్త రాష్ట్ర రాజధాని వాళ్ళే. మనం రాష్ట్ర అవతరణ దినోత్సవం రోజు ఎవరెవరికో దండలు వేస్తాం గానీ వీళ్ళ పేర్లు వేదిక మీద ఎప్పుడైనా వినబడ్డాయా?

ఇక 1950లో మనవాళ్ళు కాళ్ళకి బూట్లు లేకే బ్రెజిల్ ప్రపంచకప్‌కి వెళ్ళలేదన్న కథ. ఆ రాత్రి హోటల్లో భోజనాల దగ్గర కూడా ఒకరు చెప్పారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది ఒట్టి కాళ్ళతోనే ఆడి ఫ్రాన్సుని వణికించారు, రెండు పెనాల్టీలు వదిలేసి 2-1తో ఓడారు, అది నిజం. కానీ బ్రెజిల్‌కి వెళ్ళకపోవడానికి అది కారణం కాదు. అప్పటి ఫుట్‌బాల్ సంఘం పెద్దలకి ఒలింపిక్సే లోకం, ప్రపంచకప్ అంటే ఏంటో లెక్కలేదు. కెప్టెన్ శైలేన్ మన్నా తర్వాత చెప్పిందీ అదే. చెప్పుల్లేక పోలేదంటే జాలి పడి ఊరుకోవచ్చు, అంచనా తప్పి పోలేదంటే ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. అందుకే మొదటి కథ బతికింది.

నా వంతు తప్పు కూడా చెప్పాలి. 1986లో మా వరసలో ఒక ఇంట్లో టీవీ ఉండేది. మారడోనాని చూశాక అమ్మ వెంటపడి నీలం తెలుపు చారల దిండుగలేబు గుడ్డతో చొక్కా కుట్టించుకున్నాను. వీపు మీద 10 అని పెయింటుతో రాయించాను. నాన్న చూసి, "బాగుందిరా. మనవాళ్ళ చొక్కా ఏ రంగో తెలుసా?" అన్నాడు. తెలియదు. ఆయన ఇంకేమీ అనలేదు, పేపర్ చదువుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు డాలస్‌లో ఆ చొక్కాలే. ప్రపంచకప్‌లో 2026 జూన్ 22న ఆస్ట్రియాతో, 27న జోర్డాన్‌తో అర్జెంటీనా ఆడేది మన ఆర్లింగ్టన్‌లోనే గనక, బస్సు మాట్లాడదామని గ్రూపులో డిసెంబర్ నుంచీ హడావుడి. నేనూ పేరు ఇచ్చాను. మెస్సీ డిసెంబర్ 13న ఉప్పల్‌కి వస్తే, కార్యక్రమం పనులు వదిలేసి కారు వేసుకుని వెళ్ళినవాళ్ళు మనలోనే ఇద్దరున్నారు. వాళ్ళని అనను, నాకు టికెట్ దొరికితే నేనూ వెళ్ళేవాణ్ణి.

కానీ ఒక్క మాట. బెజవాడ, గుంటూరు వాళ్ళకి అభిమానం ఎలా చూపాలో ఎవరూ నేర్పక్కర్లేదు. అర్ధరాత్రి బెనిఫిట్ షోలు, అరవై అడుగుల కటౌట్లు, పాలాభిషేకాలు, ఇక్కడికొచ్చాక కార్ల ర్యాలీలు. మన హీరోకి వరసగా ఐదు ఫ్లాపులు వస్తే వదిలేశామా? ఆరో సినిమాకి ఇంకా పెద్ద కటౌట్ పెట్టాం. డైరెక్టర్‌ని తిట్టాం, కథని తిట్టాం, హీరోని మాత్రం వదల్లేదు. ఫుట్‌బాల్ జట్టు దగ్గరికి వచ్చేసరికి, ముందు హిట్ కొట్టు, అప్పుడు చూస్తాం అంటాం. ఇదెక్కడి న్యాయం?

2018 జూన్‌లో ముంబైలో మన ఫుట్‌బాల్ కెప్టెన్ సునీల్ ఛెత్రీ చైనీస్ తైపీ మీద మూడు గోల్స్ కొట్టిన రోజు స్టేడియంలో ఉన్నది 2,569 మంది. అతను వీడియోలో చేతులు జోడించినంత పని చేశాడు. తిట్టండి, విమర్శించండి, కానీ వచ్చి చూడండి అన్నాడు. తర్వాతి మ్యాచ్‌కి టికెట్లన్నీ అయిపోయాయి. 2024 సంక్రాంతికి రెండ్రోజుల ముందు ఖతార్‌లో మన జట్టు ఆస్ట్రేలియాతో ఆడినప్పుడు మనవాళ్ళు వేలల్లో వచ్చారు. అక్కడున్న మా బావమరిది వెళ్ళాడు. డప్పులు, నీలం చొక్కాలు, "చుట్టూ మలయాళమే బావా, తెలుగు వినబడితే తిరిగి చూశాను" అన్నాడు. 2-0తో ఓడిపోయాం. అయినా చివరి విజిల్ దాకా డప్పు ఆగలేదట.

గుంటూరు సంగతికి వస్తాను. మీటింగ్ అయ్యాక పీఈటీ మాస్టారు నన్ను వెనక గ్రౌండుకి తీసుకెళ్ళారు. మూడు వైపులా డాబాలు. "క్రికెట్ ఆడితే బాలు పక్కింటి మీదికే పోద్దండీ, వాళ్ళు తిరిగివ్వరు. ఇదైతే ఒక్క బంతితో ఇరవై మంది ఆడతారు. మీవాళ్ళు ఫోన్ చేసినప్పుడు చెప్పాను సార్, ఆర్డర్ పెట్టేశాం అన్నారు." ఆ ఆర్డర్ పెట్టింది నేనే. అక్టోబర్‌లో, డాలస్‌లో సోఫాలో కూర్చుని, డజనుకి తగ్గింపు ఉందని.

మర్నాడు బ్రాడీపేటలో ఒక స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాను. కుట్ల బంతులు చూపించమంటే కొట్టతను, "గట్టి నేలండీ, కుట్లు నెలకే ఊడిపోతాయి, ఇవి తీసుకోండి" అని రబ్బరువి ఆరు చేతిలో పెట్టాడు. పంపు, నాలుగు సూదులు అదనం. ఆదివారం బడి మూసి ఉన్నా మాస్టారు వచ్చి తీశారు. ఆ పిల్ల కూడా వచ్చింది. థాంక్స్ చెప్పలేదు. బంతి తీసుకుని రెండు బొటనవేళ్ళతో నొక్కి చూసి, "గాలి ఎక్కువైంది" అని సూది పెట్టి కాస్త తీసేసింది. మా నాన్న ఉంటే ఆ పిల్లని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించేవాడు.

క్రికెట్ కిట్లు వృథా అయ్యాయనుకోకండి. మొన్న మాస్టారు ఫొటో పంపారు. మనమిచ్చిన స్టంపులు రెండు వైపులా రెండేసి పాతి గోల్ పోస్టులు చేసుకున్నారు.

కార్యవర్గం వారికి నా మనవి. వచ్చే డిసెంబర్ జాబితా మార్చిలో మొదలవుతుంది. బడులకి పంపే ఫారంలో "మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నారు" అని ఒక్క గడి పెట్టండి, జవాబు వచ్చాకే ఆర్డర్ పెడదాం. ఫారం నేను తయారు చేసి పంపుతాను. ఆర్లింగ్టన్ బస్సు ఎక్కేవాళ్ళు తలా పది డాలర్లు అదనంగా వేస్తే, ఆ గ్రౌండుకి ఒక వైపన్నా వల కట్టించొచ్చు. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. జకార్తా మ్యాచ్ వినే ఓపిక ఉన్నవాళ్ళు కూర్చోవచ్చు.