దొర్లిన చక్రానికి 490 డాలర్లా?

హైదరాబాద్‌లో ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా బండి ఆపితే వెయ్యి రూపాయల జరిమానా. 2022 అక్టోబర్‌లో నగర పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ మొదలుపెట్టినప్పుడు చెప్పిన రేటు అది. స్టాప్ లైన్ దాటితే మాత్రం వందే. ఆ రోడ్ల మీద చేయి తిరిగిన మనిషి ఉద్యోగానికి కాలిఫోర్నియా వెళ్తాడు. ఎర్ర లైటు వెలుగుతుండగా కుడివైపు తిరిగే చోట కారును పూర్తిగా ఆపకుండా మెల్లగా దొర్లించుకుంటూ పోతాడు. కొన్నాళ్లకు ఇంటికి కవరు వస్తుంది. అందులో కూడలి కెమెరా తీసిన కారు ఫొటో, నంబర్ ప్లేటు ఫొటో, స్టీరింగ్ పట్టుకున్న తన ముఖం ఫొటో. కట్టాల్సింది దాదాపు 490 డాలర్లు. ఇక్కడ ఆగితే తప్పు, అక్కడ ఆగకపోతే తప్పు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలో తెలుగు ఇళ్లకు ఈ కవరు కొత్త కాదు. నలుగురు కుర్రాళ్లు కలిసి కొనుక్కున్న పాత కారైతే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే కవరు ముందు వాళ్లకే వస్తుంది. ఆ రోజు నడిపింది ఎవరన్న పంచాయితీ రాత్రి వంటింట్లో జరుగుతుంది.

నిబంధనలో తికమక ఏమీ లేదు. ఎర్ర లైటు పడితే గీతకు ఇవతల చక్రం పూర్తిగా ఆగాలి. నడిచేవాళ్లకు, అడ్డంగా వచ్చే బండ్లకు దారి ఇవ్వాలి. ఆ తర్వాతే కుడివైపు తిరగాలి. ఆగినట్టు చేసి జారుకోవడాన్ని అమెరికన్లే ‘కాలిఫోర్నియా స్టాప్’ అని వెటకారం చేస్తారు. అందులో ప్రమాదమూ ఉంది. కుడికి తిరిగే డ్రైవరు కళ్లు ఎడమవైపు నుంచి వచ్చే కార్ల మీద ఉంటాయి. రోడ్డు దాటబోయే ముసలావిడ మాత్రం అతని కుడిపక్క నుంచి అడుగు వేస్తుంది. ఒక్క క్షణం చక్రం ఆగితేనే తల అటు తిరుగుతుంది.

పైగా ఈ కుడి మలుపు పుట్టుకతో వచ్చిన హక్కేమీ కాదు. పశ్చిమ రాష్ట్రాల్లో ముందునుంచే ఉన్నా, దేశమంతటికీ పాకింది చమురు సంక్షోభం వల్ల. 1973లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన అమెరికా, ఖాళీ రోడ్డు మీద ఎర్ర లైటు ముందు ఇంజిన్ తగలేయడం ఎందుకని ఆలోచించింది. ఇంధన పొదుపు పథకాలకు కేంద్రం డబ్బు కావాలంటే రాష్ట్రాలు ఈ మలుపును అనుమతించాలని 1975 చట్టం షరతు పెట్టింది. చివరగా మసాచుసెట్స్ 1980 జనవరి 1న దారికొచ్చింది. న్యూయార్క్ నగరంలో నేటికీ బోర్డు ఉంటే తప్ప తిరగకూడదు. ఈ పొదుపు ఖర్చు నడిచేవాళ్ల మీద పడింది. ఇలా తిరగనిచ్చాక కూడళ్లలో కుడికి తిరిగే బండ్ల వల్ల పాదచారులకు జరిగే ప్రమాదాలు 60 శాతం పెరిగాయని, సైకిళ్లకు రెట్టింపయ్యాయని బీమా కంపెనీల రహదారి భద్రతా సంస్థ 1980ల మొదట్లో లెక్క తేల్చింది.

కాబట్టి ఆగకుండా పోయేవాడిని వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు. మా పేచీ తూకం దగ్గర.

ఎర్ర లైటును ఉల్లంఘించడం వల్ల అమెరికాలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా వెయ్యిమందికి పైగా చనిపోతున్నారు. వాటిలో చాలావరకు కూడలిలోకి సూటిగా, వేగంగా దూసుకొచ్చి గుద్దినవే. కుడి మలుపు సంగతి వేరు. ఈ మలుపుకు అనుమతి ఉన్న కూడళ్లలో కుడికి తిరుగుతున్న బండి ప్రమేయమున్న ప్రాణాంతక ప్రమాదాలను అమెరికా రహదారి భద్రతా విభాగం 1995లో పార్లమెంటు ముందు పెట్టింది. 1982 నుంచి 1992 దాకా అవి 84. ఆ 84లో కూడా ఆ క్షణాన లైటు ఎర్రగా ఉందో లేదో రికార్డుల్లో లేదు. గాయాలైనవాళ్ల సంగతి తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ గంటకు యాభై మైళ్ల వేగంతో దూసుకొచ్చినవాడికీ, అయిదు మైళ్ల వేగంతో దొర్లినవాడికీ ఒకే బిల్లు ఏమిటి?

కెమెరాకు మాత్రం రెండోవాడే తేలిగ్గా దొరుకుతాడు. లాస్ ఏంజెలస్ కెమెరాలు పంపిన టికెట్లలో, అంటే జరిమానా నోటీసుల్లో, పదింట ఎనిమిది ఈ కుడి మలుపులవేనని అక్కడి పత్రికలు బయటపెట్టాయి. దొరికినవాడే దొంగ అన్నది సామెతగా బాగుంటుంది, ట్రాఫిక్ విధానంగా కాదు. కాలిఫోర్నియా చట్టంలో అసలు జరిమానా వంద డాలర్లే. కోర్టు భవనాలకని, అంబులెన్సులకని ఒకదాని మీద ఒకటి వడ్డనలు పడి అది అయిదింతలయింది. విచిత్రమేమిటంటే, అదే చట్టంలో కుడి మలుపుకు వేరే ఉపవిభాగం ఉంది. దాని కింద రాస్తే బిల్లు దాదాపు సగానికి దిగుతుంది. అయినా కెమెరా టికెట్లు ఎక్కువగా పెద్ద సెక్షన్ కిందే వెళ్లాయి. ఈ తేడాను సరిచేసే బిల్లు 2010లో శాసనసభ దాటింది. గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వీటో చేశారు. జరిమానా తగ్గిస్తే అది చిన్న తప్పని జనం అనుకుంటారన్నది ఆయన వాదన. అది తీసిపారేయాల్సిన మాటేమీ కాదు. కానీ 490 డాలర్ల భయం రోడ్డు మీద ఏం మార్చింది? కెమెరా ఉన్న కూడలి దగ్గర బ్రేకు తొక్కి, తర్వాతి కూడలిలో యథాప్రకారం జారుకునే డ్రైవర్లను తయారుచేసింది.

ఫ్లోరిడా ఇంకో దారి పట్టింది. అక్కడ 2003లో రెడ్ లైటు దాటి వచ్చిన కారు గుద్ది మార్క్ వాండల్ అనే యువకుడు చనిపోయాడు. భార్య అప్పటికి నిండు గర్భిణి. ఆమె ఏళ్ల తరబడి తిరిగి సాధించిన కెమెరా చట్టానికి 2010లో అతని పేరే పెట్టారు. జాగ్రత్తగా, వివేకంతో కుడికి తిరిగినవాడికి టికెట్ ఇవ్వకూడదని ఆ చట్టం చెప్పింది. ఆ జాగ్రత్త అంటే ఎంత వేగమో మాత్రం చెప్పలేదు. ఒక ఊరి జాగ్రత్త ఒకలా, పక్క ఊరి జాగ్రత్త ఇంకోలా తయారైంది. టికెట్ 158 డాలర్లు. అందులో 83 రాష్ట్రానికి, 75 ఊరికి. మనిషి చావుతో మొదలైన చట్టంలో పంపకాలు మాత్రం డాలరు తేడా లేకుండా రాశారు.

షికాగో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కెమెరా కాంట్రాక్టు కోసం లంచాలు తిన్న నగర అధికారికి 2016లో పదేళ్ల జైలు పడింది. లంచం ఇచ్చిన కంపెనీ మాజీ అధిపతి కూడా జైలుకు వెళ్లింది. పసుపు లైటు మూడు సెకన్లకు రవ్వంత తగ్గిన చోట్ల కూడా వేల టికెట్లు రాశారని నగర పాలనను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరలే తేల్చారు.

ఈ కక్కుర్తి ఎక్కడికి దారితీసిందో చూడాలి. లాస్ ఏంజెలస్ 2011లో కెమెరాలు ఆపేసింది. అప్పటికి ఆ నగరానికి వాటివల్ల లాభం కూడా లేదు, ఎదురు ఖర్చే. టికెట్ కట్టనివాళ్ల వెంట కోర్టు పడలేదు. న్యూజెర్సీలో కెమెరాల ప్రయోగం 2014 చివర్లో ముగిసింది. మనవాళ్లు లక్షల్లో ఉన్న టెక్సస్ 2019లో వాటిని నిషేధించింది. జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అయితే అదే బీమా సంస్థ 2016లో ఇంకో లెక్క చెప్పింది. కెమెరాలున్న పెద్ద నగరాల్లో రెడ్ లైటు ఉల్లంఘనతో జరిగే ప్రాణాంతక ప్రమాదాల రేటు, అవి లేకుంటే ఉండేదానికన్నా 21 శాతం తక్కువ. తీసేసిన నగరాల్లో, ఉంచి ఉంటే ఉండేదానికన్నా 30 శాతం ఎక్కువ. కుడి మలుపు టికెట్లతో జనాన్ని విసిగించి, చివరికి సూటిగా దూసుకొచ్చేవాడిని ఆపే కెమెరాను కూడా పోగొట్టుకున్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటారు దీన్ని. ఆ ఎలుకను పెంచింది కూడా నగరపాలకులే.

నడిచేవాళ్లు ఎక్కువగా ఉండే కూడళ్లలో ‘ఎర్ర లైటులో తిరగరాదు’ అన్న బోర్డు పెట్టి, ఆ మలుపునే మూసేయాలి. అక్కడ కెమెరా పెట్టినా ఎవరూ తప్పుపట్టరు. మిగతా చోట్ల దొర్లినవాడికి మొదటిసారి హెచ్చరిక, తర్వాత చిన్న జరిమానా చాలు. పెద్ద మొత్తాన్ని సూటిగా దూసుకొచ్చేవాడి కోసం ఉంచుకోవాలి.

ఇదంతా మనకెందుకు అనేవాళ్లు తమ ఫోన్‌లో ఈ-చలానా పేజీ తెరిచి చూసుకుంటే చాలు. మన కూడళ్లలోనూ మనిషి స్థానంలోకి కెమెరా వచ్చేసింది. తెలంగాణలో పెండింగ్ చలానాలు ఎంతగా పేరుకున్నాయంటే, 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం రాయితీ ఇచ్చి వసూలు చేసుకోవాల్సి వచ్చింది. రాయితీ ఎప్పుడొస్తుందా అని జనం ఎదురుచూడటం అలవాటు చేసుకున్నారు, దసరా సేల్ కోసం చూసినట్టు. టైముకు కట్టినవాడు అమాయకుడయ్యాడు. ఇక ఫ్రీ లెఫ్ట్ ఉన్న చోట బోర్డు చెట్టు కొమ్మల్లో, జీబ్రా గీతలు దుమ్ములో కలిసిపోయి ఉంటాయి. నడిచేవాడికి ఎడమవైపు బండ్ల వరస ఆగే క్షణమే ఉండదు.

కాలిఫోర్నియా నుంచి తెచ్చుకోదగ్గవి రెండున్నాయి. కెమెరా కంపెనీకి టికెట్ల సంఖ్యను బట్టి డబ్బు ఇవ్వకూడదన్నది ఒకటి. కెమెరాలు నడిపే ప్రతి ఊరూ ఏటా నివేదిక ఇవ్వాలన్నది రెండోది. సూటిగా వెళ్లినవాళ్లకు ఎన్ని, కుడికి తిరిగినవాళ్లకు ఎన్ని, ఎడమకు తిరిగినవాళ్లకు ఎన్ని, కోర్టులో ఎన్ని కొట్టేశారు, కెమెరాకు ముందూ తర్వాతా ప్రమాదాలు ఎన్ని అన్నవి అందులో విడివిడిగా ఉండాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ పోలీసులు కూడలివారీగా అలాంటి పట్టికను ఈ ఏడాది నుంచే బయటపెట్టాలి.