పిట్టలకీ వేసవి సెలవులే

మా బామ్మర్ది వేసవిలో ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే, "ఏం బావా, జీతం తీసుకుంటా నిద్రపోతుండావా?" అని. గవర్నమెంటు టీచరంటే ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా తాటిముంజలు తింటూ మంచం మీద దొర్లే మనిషని అతని నమ్మకం. లెక్కకి 49 రోజులు సెలవులే, కాదనను. కానీ నేను చెప్పబోయేది 2024 వేసవి సంగతి. ఆ ఏడు మే 13న పోలింగు. దానికి ముందు ఎన్నికల ట్రైనింగులు, తర్వాత రెండు రోజులు ఒళ్ళు నొప్పులు, అవన్నీ అయ్యి నెల్లూరులో మా ఇంట్లో ఫ్యాను కింద అలా నడుం వాల్చానో లేదో, ఫోన్లో ఒక మెసేజ్. టీచర్లకి వేసవి ఆన్‌లైన్ కోర్సు, ఐదు మాడ్యూళ్ళు, ఒక్కోదాని చివర క్విజ్, 70 శాతం వస్తేనే సర్టిఫికెట్. ఎవరు పెట్టిన కోర్సో చెప్పను. అందులో తప్పేం లేదు, నిజం చెప్పాలంటే కోర్సు మంచిదే. తప్పంతా చేరినవాడిది.

ఇంట్లో వాళ్ళతో కలిసి నేర్చుకోవడం ఎలా అన్నది దాని సారాంశం. పిల్లలకి సెలవుల్లో చదివింది మరిచిపోయే గుణం ఉంటుంది కాబట్టి వంటింటి కొలతలూ, బజారు లెక్కలూ, పెద్దవాళ్ళు చెప్పే కబుర్లూ అన్నిటినీ పాఠాలుగా మార్చుకోవాలట. బాగుంది కదా. నేను ఈ వీడియోలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మధ్యమధ్యలో గురకతో సహా పూర్తి చేశాను. వీడియోని ముందుకి జరపనివ్వదు, అదొక్కటే దాంతో ఇబ్బంది. క్విజ్‌లు మాత్రం మా చిన్నోడు చేసిపెట్టాడు. వాడు అయిదు పాసై ఆరుకి వచ్చాడు, క్విజ్‌కి ఒక ఐస్‌క్రీము చొప్పున బేరం. ఐదు క్విజ్‌లు, ఐదు ఐస్‌క్రీములు, నాలుగింట్లో నూటికి నూరు. నాకు కూడా అన్ని రావు.

ఆఖర్న ఉంది అసలు పని. కుటుంబంతో కలిసి దగ్గర్లో ఉన్న ఒక ప్రదేశానికి వెళ్ళి, ఏం నేర్చుకున్నారో ఒక పేజీ రాసి, ఒక ఫోటో జత చేసి మే 31 లోపు అప్‌లోడ్ చేయాలి.

ఇంట్లో మీటింగు పెట్టాను. మా ఆవిడ తిరుమల అంది, "కొండకి పోయినా నేర్చుకోవడమే కదండీ, ఓపికపట్టడం నేర్చుకుంటారు" అని. పెద్దది తొమ్మిదిలో ఉంది, దానికి ప్రదేశమంటే చెన్నైలో ఏసీ ఉన్న మాల్ ఒక్కటే. చిన్నోడు శ్రీహరికోట అన్నాడు, రాకెట్ చూద్దామని. "ఇప్పుడు రాకెట్లకి సీజన్ కాదురా" అని పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

నాకేమో ఠక్కున నేలపట్టు తట్టింది. దొరవారిసత్రం దగ్గర, పక్షుల కేంద్రం. చెరువులో నిలబడిన కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, వేలకొద్దీ గూళ్ళు కట్టుకుంటాయి, పులికాట్ సరస్సుకి ఎగిరి వెళ్ళి చేపలు పట్టుకొచ్చి పిల్లలకి పెడతాయి. ఇంతకన్నా మంచి కుటుంబ పాఠం ఏముంటుంది? తల్లీ తండ్రీ కష్టపడి చేపలు తెచ్చి పిల్లల నోట్లో పెడుతుంటే చూసి మా పిల్లలకి కాస్త బుద్ధి వస్తుందని కూడా ఒక దురాశ.

మా అమ్మ పుట్టిల్లు నాయుడుపేట వైపు. ఆమె అప్పుడే మామిడికాయలు తుడుస్తూ ఏదో అంది. నేను ఇయర్‌ఫోన్స్‌తో ఉన్నాను, అలాగే అలాగే అని తల ఊపాను. అప్పుడు నా చెవిలో నడుస్తున్న పాఠం పేరు ఏందనుకుంటున్నారు? ఇంట్లో పెద్దల అనుభవాన్ని శ్రద్ధగా వినడం.

నా టెన్షన్ అంతా వేరే. నేలపట్టు మా చిన్నప్పటి నుంచి నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది. ఫారంలో మీ ప్రాంతంలోని ప్రదేశం అని ఉంది. మరి ఇది మా ప్రాంతమా, పక్క జిల్లానా? పైవాళ్ళు ఒప్పుకోకపోతే? దీని గురించి ఇద్దరు తోటి టీచర్లకి ఫోన్ చేశాను. ఒకాయన పర్లేదన్నాడు, ఇంకొకాయన రిస్కు అన్నాడు. వాళ్ళిద్దరూ టీచర్లే, ఇద్దరూ సైన్సు చెప్పేవాళ్ళే, ఒక్కరికీ అసలు ప్రశ్న తట్టలేదు. నేనొక్కడినే కాదని చెప్పుకోవడానికి ఈ మాట రాస్తున్నాను.

మే 28, మంగళవారం. రోహిణి కార్తె మొదలై మూడు రోజులైంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా వీధిలో రోళ్ళు లేవు కాబట్టి మనుషులం పగిలాం. కారు బామ్మర్దిది, కాబట్టి అతనూ వచ్చాడు. ఏసీ వెంకటాచలం టోల్‌గేటు దాకా బాగానే పనిచేసింది. అక్కడ అద్దం దించి, ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవని వాళ్ళతో మాట్లాడి, రీచార్జి చేసి, మళ్ళీ అద్దం ఎత్తేసరికి లోపల చల్లదనం పోయింది, అంతే, ఇంక తిరిగి రాలేదు. గూడూరు దాటేసరికి పెద్దది ఫోన్ పక్కన పెట్టేసింది. ఫోన్ వేడెక్కి ఆగిపోయిందట. మా ఆవిడ పెరుగన్నం డబ్బా మూత తీసి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ మూత పెట్టేసింది, మాట్లాడలేదు.

"బావా, ఆ పిట్టలకి ఈ ఎండ తట్టుకుంటదా?" అన్నాడు బామ్మర్ది నాయుడుపేట దాటాక.

"ప్రకృతిరా అది, వాటికి అలవాటే" అన్నాను.

హైవే దిగి లోపలికి వెళ్ళాం. బండ్లు నిలిపే చోట మాది తప్ప ఇంకో బండి లేదు. రద్దీ లేకపోవడం మన అదృష్టం అన్నాను. గేటు దగ్గర కుర్చీలో ఒకాయన కునుకు తీస్తున్నాడు, మమ్మల్ని చూసి లేచి, ముందు కారుని చూశాడు, తర్వాత మా అమ్మని చూశాడు, తర్వాత నా మెడలోని బైనాక్యులర్స్ చూశాడు. అవి స్కూల్లోవి, సంతకం పెట్టి తెచ్చుకున్నా.

"ఏంది సార్, దారి తప్పారా?"

"లేదండీ, పక్షుల్ని చూద్దామని."

ఆయన నవ్వలేదు. అది ఆయన మంచితనం. "చూడండి సార్, పోయి చూడండి" అన్నాడు.

వాచ్ టవర్ ఎక్కాం. ఇనుప కడ్డీ పట్టుకుంటే చెయ్యి కాలింది, చిన్నోడు చొక్కా అంచుతో పట్టుకుని ఎక్కాడు, వాడికి ఆపాటి తెలివి ఉంది. పైకెక్కి చూస్తే చెరువు సగానికి సగం ఎండి, బురద పెచ్చులుగా లేచి ఉంది. దూరంగా నాలుగు గేదెలు. కడప చెట్లు ఉన్నాయి, వాటి మీద గూళ్ళూ ఉన్నాయి, ఖాళీగా, పెళ్ళి అయిపోయాక మిగిలిన పందిరి లాగా. కొమ్మలన్నీ రెట్టలతో తెల్లగా సున్నం కొట్టినట్టు ఉన్నాయి. బైనాక్యులర్స్‌తో అటూ ఇటూ తిప్పి తిప్పి చూశాను, ఒక తెల్లకొంగ కనపడింది. అది కూడా వెళ్ళాలా వద్దా అన్నట్టు ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఏవండీ, పిట్టలేవి?"

ఆ క్షణంలో నాకు గుర్తుకొచ్చింది. ఒకటొకటిగా కాదు, అన్నీ ఒక్కసారి వచ్చాయి. గూడబాతులు ఇక్కడికి వచ్చేది అక్టోబర్లో, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి, ఇది ఏళ్ళ తరబడి నేనే పిల్లలకి చెప్తున్న పాఠం. అంతెందుకు, సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్‌కి 2020 జనవరిలో మా స్కూలు పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళింది నేనే, చలికి స్వెటర్లు తెచ్చుకోమని చెప్పిందీ నేనే. జనవరి, స్వెటర్లు. ఇంకెంత గట్టిగా చెప్పాలి ఒక మనిషికి?

గేటు దగ్గరాయన మా వెనకే వచ్చాడు, పాపం ఎండలో గొడుగేసుకుని. "పిట్టలకి కూడా వేసవి సెలవులే కదా సార్, మీకు తెలీందేముంది" అన్నాడు. నేను టీచర్నని ఆయనకి చెప్పలేదు, ఎట్లా కనిపెట్టాడో.

మా అమ్మ టవర్ ఎక్కలేదు, కింద చెట్టు నీడన కూర్చుంది. అక్కడి నుంచే, "సంకురాత్రి పిట్టల కోసం ఈ ఎండల్లో యాడికి పోతాము అబ్బయ్యా అని చెప్పలేదంట్రా నీకు? అలాగే అలాగే అన్నావు?" అంది. అరవలేదు, మామూలుగానే అంది. ఆ చెరువు ఖాళీగా ఉంది కాబట్టి మాట నాలుగు వైపులా వినపడింది.

సరే, వచ్చాం కాబట్టి ఏదో ఒకటి నేర్చుకోవాలి, ఫారం ఉంది కదా. గేటాయన్నే అడిగాం. ఆయన భలే చెప్పాడు. ఈ పక్షుల రెట్టలు చెరువు నీళ్ళలో కలుస్తాయట, ఆ నీళ్ళు పొలాలకి పారిస్తే ఎరువు ఖర్చు తగ్గుతుందట, అందుకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒక్క పిట్టని కూడా కొట్టరట. గూడబాతులు రావడం ఆలస్యమైతే ఊరికి మంచిది కాదని దిగులు పడతారట. మా అమ్మ చిన్నప్పటి సంగతులు ఎత్తుకుంది, ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే వాళ్ళ మేనత్తా, ఈయన చిన్నాన్నా ఒకే ఊరివాళ్ళని తేలింది. మా పెద్దది ఇదంతా నోట్‌బుక్‌లో రాసింది, దాని ఫోన్ ఆగిపోవడం వల్ల జరిగిన మేలు ఇది.

"అంటే బావా, మనం పెంట చూడ్డానికి ఇంత డీజిల్ తగలేసుకున్నాం" అన్నాడు బామ్మర్ది. నేను విననట్టు ఊరుకున్నాను. డీజిల్ డబ్బులు నేనే ఇవ్వాలని అప్పటికి మా మధ్య తేలలేదు.

ఫోటో కావాలి కదా. అమ్మని చెరువు గట్టు మీద నిలబెట్టి, ఖాళీ గూటి వైపు చెయ్యి చూపించమని, పిల్లలిద్దరూ ఆశ్చర్యపోతున్నట్టు పెట్టమని చెప్పాను. చిన్నోడు ఆశ్చర్యపోలేదు, కొంగ వైపు చూస్తూ కళ్ళు చిట్లించాడు. మా ఆవిడ ఫ్రేములోకి రానంది. ఆమె చేతిలో అన్నం డబ్బా ఉంది, అది ఎక్కడ పారెయ్యాలో వెతుకుతోంది.

తిరుగు ప్రయాణంలో గూడూరు దగ్గర నిమ్మకాయ సోడాలు తాగుతుంటే మా ఆవిడ నా ఫోన్ తీసుకుంది, ఫోటోలు చూద్దామని. ఫోటోల కంటే ముందు కోర్సు తెరుచుకుంది. అందులో పాత క్విజ్‌లు కూడా కనపడతాయని నాకు తెలీదు. గట్టిగా చదివింది, "నాలుగో మాడ్యూల్. వలస పక్షులు మన ప్రాంతానికి సాధారణంగా ఏ కాలంలో వస్తాయి? జవాబు, శీతాకాలం. సరైనది. మే 20."

కార్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బామ్మర్ది సోడా అతని ముక్కులోకి పోయింది.

"అది నేను పెట్టిందే" అన్నాడు చిన్నోడు వెనక సీట్లోంచి. "కరెక్ట్ అని వచ్చింది గదా నాన్నా, చూపించాను గదా, ఐస్‌క్రీము కూడా కొనిచ్చావు."

"మరి వచ్చేటప్పుడు చెప్పలేదేందిరా?"

"నువ్వు అడగలేదు గదా. నువ్వు జిల్లా గురించి అడుగుతుండావు."

రెండు రోజుల తర్వాత, మే 30న, పొద్దున్నే శ్రీహరికోట షార్ నుంచి అగ్నికుల్ అనే ప్రైవేటు కంపెనీ వాళ్ళ అగ్నిబాణ్ రాకెట్ ఎగిరింది. త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన ఇంజనట. టీవీలో అది చూస్తూ చిన్నోడు నా వైపు తిరిగి, "రాకెట్లకి సీజన్ వచ్చిందా నాన్నా?" అన్నాడు. నేను పేపర్ అడ్డం పెట్టుకున్నాను.

అదే రోజు కోర్సు నుంచి మెసేజ్. నా పేజీ బాగుందట, ఎరువు సంగతి చాలా బాగుందట, కానీ ఫోటోలో పక్షులు స్పష్టంగా లేవు, మరోసారి అప్‌లోడ్ చేయగలరు. గడువు రేపటితో ఆఖరు. పెద్దది ఆ కొంగ ఉన్న మూలని పెద్దది చేసి, చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పంపింది. ఒప్పుకున్నారు. జూన్ మొదటి వారంలో సర్టిఫికెట్ వచ్చింది. జిల్లా గురించి ఎవరూ ఒక్క మాట కూడా అడగలేదు.

ప్రింట్ తీయించి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, ఎంతైనా కష్టపడ్డాం కదా అని. మర్నాడు పొద్దున పాలు తీయబోతే, నా పేరు కొట్టేసి ఉంది, పెన్సిల్‌తో. కింద మా చిన్నోడి పేరు, దాని పక్కన ఒక ఐస్‌క్రీము బొమ్మ. ఐదోది నేనింకా బాకీ ఉన్నానట.