మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ చదివితే ఫైనాన్స్‌లో పనికిరారా? ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకీ జవాబు

ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: “ఫైనాన్స్‌లో స్థిరపడాలనుకునే పిల్లల్ని మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ డిగ్రీలో చేర్పించకండి. ఒకటి, అది చదివితే టీచర్ ఉద్యోగం తప్ప గతి లేదు. రెండు, ఫైనాన్స్ అంటే సీఏ, ఎంబీఏ వాళ్లది. మూడు, ఆ థియరీ బ్యాంకుల్లో ఎవరికీ అక్కర్లేదు, ఎక్సెల్ వస్తే చాలు. నాలుగు, మిగిలిందంతా ఏఐ చేసేస్తుంది. ఐదు, మంచి కంపెనీలు ఐఐటీ వాళ్లని తప్ప ఎవరినీ తీసుకోవు.”

ఇది చదివి నిజమేననుకుని, లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లల్ని ఇష్టం లేని కోర్సుల్లో చేర్పించిన తల్లిదండ్రులు నాకు తెలుసు. బ్యాంకులు వాడే రిస్క్ మోడళ్లను, అంటే నష్టం ఎంత రావచ్చో అంచనా వేసే లెక్కలను, పరీక్షించడం నా ఉద్యోగం. అందుకే దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేకపోయాను.

మొదటిది, టీచర్ ఉద్యోగం తప్ప గతి లేదన్న మాట. పిల్లలకు లెక్కలు చెప్పడాన్ని గతిలేని పనిగా రాయడమే నాకు కష్టంగా ఉంది, సరే, అది పక్కన పెడదాం. మన దేశంలో ఏ జీవిత బీమా కంపెనీ అయినా అపాయింటెడ్ యాక్చువరీని పెట్టుకుని తీరాలి. ప్రీమియం ఎంత ఉండాలో, రేపటి క్లెయిముల కోసం ఈరోజే ఎంత సొమ్ము పక్కన పెట్టాలో లెక్కగట్టడం ఈ వృత్తిలోని వాళ్ల పని. దీనికంటూ 2006లో చేసిన యాక్చువరీల చట్టం ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా పెట్టే పరీక్షలున్నాయి. వాటిలో సీఎస్1 పేపర్ సిలబస్ తీసి చూడండి. ప్రాబబిలిటీ డిస్ట్రిబ్యూషన్లు, ఎస్టిమేషన్, హైపోథిసిస్ టెస్టింగ్, రిగ్రెషన్. మన డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ తీసుకున్న అమ్మాయి చదివేది చాలావరకు ఇదే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా హైదరాబాద్‌లోనే. రిజర్వ్ బ్యాంకు గ్రేడ్-బి ఆఫీసర్ల నియామకాల్లో గణాంకాల విభాగమైన డీఎస్‌ఐఎమ్‌కి విడిగా పోస్టులుంటాయి, స్టాటిస్టిక్స్‌లో గానీ దానికి దగ్గరి సబ్జెక్టుల్లో గానీ పీజీ చేసినవాళ్ల కోసం. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకైతే డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు.

రెండోది, ఫైనాన్స్ అంటే సీఏ, ఎంబీఏ వాళ్లదన్నది. ఆడిట్, పన్నులు, కంపెనీ ఖాతాలు సీఏలు లేకుండా నడవవు, అందులో అనుమానం లేదు. కానీ ఫైనాన్స్ అక్కడితో అయిపోదు. స్టాక్ మార్కెట్ ధరల కదలికలకు గణితరూపం ఇచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 1900లో పారిస్‌లో లూయీ బషెలియే రాసిన గణిత సిద్ధాంత గ్రంథం. ముందే అనుకున్న ధరకు షేరును తర్వాత కొనే లేదా అమ్మే హక్కును ఆప్షన్ అంటారు. 1973లో ఆప్షన్ల ధరకు సూత్రం ఇచ్చిన బ్లాక్, షోల్స్‌లలో ఫిషర్ బ్లాక్ చేసిన పీహెచ్‌డీ అప్లయిడ్ మ్యాథమేటిక్స్‌లో. రినైసాన్స్ టెక్నాలజీస్ అనే పెట్టుబడుల సంస్థను స్థాపించిన జిమ్ సైమన్స్ అంతకుముందు స్టోనీ బ్రూక్‌లో గణిత శాఖ అధిపతి. ఆయన కావాలనే గణితం, భౌతికశాస్త్రం వాళ్లని ఏరి తెచ్చుకున్నాడు.

అదంతా విదేశాల సంగతి అంటారా? 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన అధ్యయనం చూడండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. 2023-24లో విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్లు సంపాదించిన లాభాల్లో 97 శాతం అల్గారిథమ్ ట్రేడింగ్ ద్వారా, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లతో చేసే కొనుగోళ్లు, అమ్మకాల ద్వారా వచ్చింది. ఆ అల్గారిథమ్‌ల వెనక ఉన్నది గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్.

ఇక మూడోది. థియరీ ఎవరికీ అక్కర్లేదన్న ఈ మాటే అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేస్తోంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ఒక బ్యాంకు వెయ్యి మందికి అప్పులిచ్చిందనుకుందాం. ఒక్కొక్కరు ఏడాదిలో చేతులెత్తేసే అవకాశం నూటికి 2. అంటే సగటున 20 అప్పులు మొండి బాకీలవుతాయి. ఎక్సెల్ మాత్రమే వచ్చినవాళ్లు ఇక్కడిదాకా చెప్పగలరు. ఈ ఏడాది 27 అయ్యాయి. మేనేజర్‌కి టెన్షన్ మొదలైంది, మోడల్ పాడైపోయిందా అని. ఒకరి అప్పుకీ ఇంకొకరి అప్పుకీ సంబంధం లేదనుకుంటే స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత) ఎంతో బీఎస్సీ పిల్లలు చెప్పేస్తారు: 1000 × 0.02 × 0.98కి వర్గమూలం, సుమారు 4.4. ఇరవైకి అటూ ఇటూ దానికి రెండింతలు వేసుకుంటే దాదాపు 11 నుంచి 29 దాకా మామూలు హెచ్చుతగ్గులే. 27 చూసి కంగారుపడి నిబంధనలు బిగిస్తే, అప్పు ఇవ్వదగ్గ మనుషులకు అప్పు దొరకదు.

ఇంకా మంచి ఫార్ములా వాడి ఆ 2 శాతాన్ని ఇంకా కచ్చితంగా పట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. వెయ్యి అప్పుల సమాచారం మాత్రమే చేతిలో ఉంటే, అన్‌బయస్డ్ పద్ధతి (సగటున అసలు విలువనే ఇచ్చేది) ఏదైనా సరే, దాని వేరియన్స్, అంటే స్టాండర్డ్ డీవియేషన్ వర్గం, ఒక హద్దు కంటే కిందికి దిగదు. ఆ హద్దు పేరు క్రామర్-రావు బౌండ్. ఆ రావు మన సి.ఆర్.రావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివి, యుద్ధకాలంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1945 నాటికే ఈ ఫలితాన్ని ప్రచురించిన తెలుగువారు. 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. ఆయన రాసిన ఆ థియరీని “అక్కర్లేని థియరీ” అని తెలుగువాళ్లమే ఫార్వర్డ్ చేసుకోవడం చూస్తే బాధేస్తుంది.

అసలు సంగతి ఇంకా ఉంది. పైన “సంబంధం లేదనుకుంటే” అన్నాను కదా, ప్రమాదమంతా అక్కడే. ఏ ఇద్దరు రుణగ్రహీతల మధ్యనైనా కోరిలేషన్ కేవలం 0.05 ఉందనుకోండి (సున్నా అయితే సంబంధం లేనట్టు, 1 అయితే ఇద్దరూ పూర్తిగా కలిసి నడుస్తున్నట్టు). వేరియన్స్‌ను 1 + 999 × 0.05తో, అంటే దాదాపు 51తో గుణించాలి. స్టాండర్డ్ డీవియేషన్ 4.4 నుంచి దాదాపు 32కి ఎగబాకుతుంది. సగటు మాత్రం అదే ఇరవై. సగటు ఒక్కటే చూసేవాళ్లకు ఏమీ మారినట్టు కనిపించదు.

ఇది మన కళ్లముందు జరిగింది. 2010 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వాయిదాలు దాదాపు నూటికి నూరుపాళ్లు వసూలయ్యేవి. లక్షల మంది మహిళలకు చిన్న చిన్న అప్పులు, కాబట్టి రిస్క్ పంచుకుపోయిందని అందరూ నమ్మారు. అప్పుల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. రాష్ట్రమంతటా వాయిదాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆర్డినెన్స్ మంచిచెడ్డలు వేరే చర్చ. మోడల్ వైపు నుంచి చూస్తే, అన్ని లక్షల అప్పులూ ఒకే ప్రభుత్వానికి, ఒకే రాజకీయ వాతావరణానికి ముడిపడి ఉన్నాయి. వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని అప్పులుగా లెక్కవేయడం తప్పు. ఆ తప్పును ముందే పట్టుకోవాలంటే “ఇండిపెండెంట్” అన్న ఒక్క మాట దగ్గర ఆగి, ఇది ఇక్కడ నిజమేనా అని అడిగే అలవాటు ఉండాలి. ప్రతి సిద్ధాంతంలోనూ ముందు షరతులు చదివి ఆ తర్వాతే నిరూపణకు వెళ్లే చదువులో ఆ అలవాటు వస్తుంది. రియల్ అనాలిసిస్‌లో ఎప్సిలాన్, డెల్టాలతో తలపడిన పిల్లలకు దాని విలువ అప్పుడు తెలియదు, ఇలాంటి పని చేతికొచ్చాక తెలుస్తుంది.

నాలుగోది ఏఐ. ఏఐ కోడ్ రాస్తుంది, మోడల్ కూడా కట్టి ఇస్తుంది. నా పనిలోనూ వాడుతున్నాను. అయితే బ్యాంకు వాడే మోడల్‌ను కట్టినవాళ్లు కాకుండా వేరేవాళ్లు స్వతంత్రంగా పరీక్షించాలని 2011లోనే అమెరికా ఫెడరల్ రిజర్వ్ మార్గదర్శకాలిచ్చింది. అమెరికన్ బ్యాంకుల హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో మోడల్ వ్యాలిడేషన్ పని చేసేవాళ్లు అంతమంది కనిపించడానికి ఇలాంటి నియమాలూ ఒక కారణం. కట్టింది మనిషైనా, మెషీనైనా ప్రశ్నలు మారవు: ఏ డేటా మీద నేర్చుకుంది, ఏ షరతు తప్పితే కూలిపోతుంది?

ఐదోదానిలో సగం నిజముంది, దాచను. కోట్లలో జీతాలిచ్చే ట్రేడింగ్ సంస్థలు క్యాంపస్‌కి వెళ్లేటప్పుడు ఎక్కువగా పాత ఐఐటీలకే వెళ్తాయి. మామూలు డిగ్రీ కాలేజీ నుంచి నేరుగా అక్కడికి చేరడం చాలా కష్టం. అందుకు కారణం సబ్జెక్టు కాదు, దాన్ని చెప్పే తీరు. ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీపట్టించి మూడేళ్లు దాటించే కాలేజీల్లో మంచి సిలబస్ కూడా వృథా అవుతోంది. కానీ ఆ డిగ్రీ నుంచి పైకి దారులున్నాయి. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కి వెళ్లొచ్చు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎం.స్టాట్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. అక్కడ సీటొస్తే ట్యూషన్ ఫీజు లేకపోగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఫీజు కట్టలేని ఇళ్లల్లో ఈ సంగతి చాలామందికి తెలియదు, మెసేజ్‌లలో తిరగాల్సింది ఇది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఒక్కసారి లోపలికి వెళ్లి, స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ ఎలా చేయిస్తారో అడగండి. క్యాలిక్యులేటర్‌తో రికార్డు నింపించి సంతకం పెట్టేస్తారా, లేక ల్యాబ్‌లో ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల మీద అసలు డేటా ఇచ్చి కూర్చోబెడతారా? అలాగే రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా చెప్పే లెక్చరర్ రెగ్యులర్‌గా ఉన్నారో లేదో సీనియర్లని అడగండి. ఫీజు కట్టే ముందే ఈ రెండూ తెలుసుకోండి.