ఒక్కరే నడిపించే ఆట
అందరూ ఒకే జట్టు కాబట్టి సహకార బోర్డు గేముల్లో అలకలుండవని ఎవరో రాస్తే చదివాను. మా ఇంట్లో అలా జరగలేదు. పాండెమిక్ అనే అలాంటి ఆట ఆడిన మొదటి రాత్రి మా అన్నయ్యే అందరి ఎత్తులూ చెప్పేశాడు. మేనకోడలు ముక్కలు పట్టుకుని "ఇప్పుడేం చెయ్యాలి పెద్ద మామయ్యా?" అని అడగడమే సరిపోయింది. నాకు చాలా బాధేసింది. "పిల్లని ఆడనివ్వు" అంటే ఆగే మనిషి కాదు, ఆట నియమమే ఆపాలి. అందుకే హనాబీ అనే ఇంకో సహకార ఆట తెచ్చాం. అందులో ఎవరి ముక్కలు వాళ్లకి కనపడవు, ఎదుటివాళ్లకి కనపడేలా తిప్పి పట్టుకోవాలి. సూచన ఇవ్వడానికి వాడే బిళ్లలు 8 మాత్రమే, చెప్తే రంగు గానీ అంకె గానీ చెప్పాలి, అంతే. మా అమ్మ "ఇవి రెండూ ఎర్రవి" అని ముక్కల్ని వేలితో తాకి ఊరుకుంది. పిల్ల చాలాసేపు ఆలోచించి సరైన ముక్కే వేసింది. అన్నయ్య నోరు మెదపలేదు.