కడుపు స్కానింగ్ ఎక్స్‌రే కాదు

“గర్భిణికి తీసే ప్రతి స్కానింగూ ఒక ఎక్స్‌రేతో సమానం. ఆ వేడి తగలకూడదనే నీళ్లు తాగిస్తారు. పూసే జెల్ విషం. అందుకే ప్రభుత్వం చట్టం తెచ్చి నిషేధించింది.” విశాఖలో ఫోను నుంచి ఫోనుకు తిరుగుతున్న ఈ సందేశం చదివి మా మేనకోడలు అయిదో నెలలో బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కానింగ్ వద్దని కూర్చుంది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

ఈ అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో ఎక్స్ కిరణాలే లేవు. ఉన్నది శబ్దం. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినిపిస్తుంది. కడుపు స్కానింగ్‌కు వాడే శబ్దానివి 20 లక్షల నుంచి 50 లక్షలు. కడుపు మీద ఆనించే పరికరం, అంటే ప్రోబ్‌లోని స్ఫటికాలు కరెంటు అందగానే కంపించి ఆ శబ్దాన్ని లోపలికి పంపుతాయి, తిరిగొచ్చిన ప్రతిధ్వని తాకితే మళ్లీ కరెంటు పుట్టిస్తాయి.

అల్లుడు ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ మీద పనిచేస్తాడు. సముద్రం లోతు ఎలా తెలుస్తుందని అతన్నే అడిగాను. “పడవ అడుగు నుంచి శబ్దం వెళ్లి నేలకు తగిలి వస్తుంది మామయ్యా, తెర మీద లోతు పడుతుంది” అన్నాడు. కడుపులో జరిగేదీ అదే. ఒంట్లో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. సెంటీమీటరు లోతు నుంచి తిరిగి రావడానికి 13 మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షల వంతు ఒక మైక్రోసెకను) చాలు. ఆ వ్యవధిని లెక్కగట్టి కంప్యూటర్ చుక్కలు పెడుతుంది. గట్టిగా ప్రతిధ్వనించే ఎముక తెల్లగా, ప్రతిధ్వని పంపని ఉమ్మనీరు నల్లగా కనిపిస్తాయి.

ఈ శబ్దానికి గాలి అడ్డుగోడ. చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య గాలి చిక్కితే శబ్దం దాదాపు అంతా అక్కడి నుంచే వెనక్కి మళ్లుతుంది. ఆ సందు పూడ్చేదే జెల్, అందులో ఎక్కువ భాగం నీరే. తొలి నెలల్లో నీళ్లు తాగించేదీ ఇందుకే. నిండిన మూత్రాశయం గాలి ఉన్న పేగులను పక్కకు నెట్టి గర్భసంచికి దారి ఇస్తుంది.

వేడి మాటలో కొంత నిజం ఉంది, దాచను. శబ్దమూ శక్తే, కండ దాన్ని పీల్చుకుని కాస్త వేడెక్కుతుంది. కానీ మామూలు స్కానింగ్‌లో ప్రోబ్ శబ్దం పంపేది నూటికి ఒక వంతు సమయం కూడా ఉండదు, మిగతాదంతా వినడమే. వేడి సూచిక తెర మీదే కనబడుతుంది. రక్త ప్రవాహాన్ని చూసేందుకు ఎక్కువ శక్తి వాడే డాప్లర్ పద్ధతిని తొలి వారాల్లో అవసరం లేకుండా పెట్టరు. సరదాకు గంటలకొద్దీ బిడ్డను చూడటం మాత్రం తప్పే.

ఇక 1994 నాటి చట్టం నిషేధించింది లింగ ఎంపికను, ఆడా మగా చెప్పడాన్ని. స్కానింగ్‌ను కాదు.

బిడ్డ గుండె గదులు, వెన్నెముక వివరంగా చూసేది 18 నుంచి 22 వారాల మధ్యనే. మేనకోడలికి 20వ వారం నడుస్తోంది. రేపు పొద్దున్నే ఆమెను నేనే వెంట తీసుకెళ్తున్నాను.