కొవ్వు కరగదు, ఊపిరిలో పోతుంది

మే నెలలో పొద్దున్న ఆరింటికే మా ఒడిశా బరంపురంలో ఉక్క మొదలవుతుంది. గోపాల్‌పూర్ సముద్రం ఎంతో దూరంలో లేదు కదా, ఒంటికి పట్టిన చెమట ఆరదు, అలా కారుతూనే ఉంటుంది. ఆ ఉక్కలో మా పక్కింటావిడ నడుముకు నల్లటి రబ్బరు బెల్టు బిగించుకుని, దానిపైన చీర కట్టుకుని చెరువు పక్క పార్కులో నాలుగు రౌండ్లు నడిచారు. వచ్చి బెంచీ మీద కూలబడ్డారు. ముఖం కందిపోయింది. “కొవ్వంతా చెమటై పోతుందంటున్నారు, నిజమేనేటి మాస్టారూ?” అని అడిగారు.

మర్నాడు వాళ్లింట్లో ఉన్న డిజిటల్ కాటా మీద చూశాం. నడకకు ముందు 72.4 కిలోలు, తిరిగొచ్చాక 71.6. ఎనిమిది వందల గ్రాములు తగ్గినందుకు ఆవిడ ముఖం వెలిగిపోయింది. తర్వాత రెండు గ్లాసుల మజ్జిగ తాగారు, పదింటికి గిన్నెడు పఖాళ, అంటే చద్దన్నం, తిన్నారు. మధ్యాహ్నం కాటా ఎక్కితే 72.5. పొద్దుటి ఆనందమంతా పోయింది. “నా ఒళ్లే ఇంత, ఏం చేసినా తగ్గదు” అన్నారు. ఈ మాట దగ్గరే నాకు బాధ కలుగుతుంది. తప్పు ఆవిడ ఒంట్లో లేదు. బెల్టు అమ్మినవాడు చెప్పిన మాటలో ఉంది. ఆ మాట అంత తేలిగ్గా నమ్మేలా చేసింది మనం రోజూ వాడే ఒక క్రియాపదం: కరగడం.

కొవ్వు కరుగుతుంది అంటాం. ఇక్కడ ఒడియా వాళ్లు చర్బీ అంటారు, హిందీ ప్రకటనల్లోనూ అదే చర్బీ, అక్కడా కరిగించే మాటే. నెయ్యి కరిగినట్టు, మైనం కరిగినట్టు. కరిగిన వస్తువు ఎక్కడో ఒకచోట కారాలి కాబట్టి చెమటలో కారుతుందనో, మూత్రంలో పోతుందనో, విరేచనంలో పోతుందనో అనుకుంటాం. రబ్బరు బెల్టు, ఆవిరి పెట్టె, విరేచనాల పొడి, ఈ మూడు వ్యాపారాలూ ఆ ఊహల మీదే నడుస్తున్నాయి.

కాస్త చదువుకున్నవాళ్లు ఇంకో జవాబు చెబుతారు: కొవ్వు శక్తిగా మారిపోతుందని. వినడానికి సైన్సులా ఉంటుంది గానీ అదీ తప్పే. ఒక్క గ్రాము పదార్థం నిజంగా మొత్తం శక్తిగా మారిపోతే నాగసాకి మీద పడిన బాంబు అంత విస్ఫోటం వస్తుంది. మన ఒంట్లో అలాంటిదేమీ జరగదు. కొవ్వు అణువులోని బంధాలు తెగి, కొత్త బంధాలు ఏర్పడేటప్పుడు శక్తి వస్తుంది, దానితో మనం నడుస్తాం, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. కానీ ఆ అణువులోని కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు ఒక్కటి కూడా మాయం కావు. అవి ఎక్కడికో వెళ్లాలి.

ఎక్కడికి? 2014 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ ఈ లెక్క కట్టి చూపించారు. అందులో కొత్త రసాయనం ఏమీ లేదు, హైస్కూలు సమీకరణమే. మనిషి కొవ్వు అణువు సగటున 55 కార్బన్, 104 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు. దాన్ని పూర్తిగా దహించడానికి 78 ఆక్సిజన్ అణువులు కావాలి. చివరికి మిగిలేవి 55 కార్బన్ డయాక్సైడ్ అణువులు, 52 నీటి అణువులు. పది కిలోల కొవ్వు పోవాలంటే మనం 29 కిలోల ఆక్సిజన్ పీల్చుకోవాలి. అప్పుడు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్, 11 కిలోల నీరు తయారవుతాయి. ఆ పది కిలోల కొవ్వులో ఏ పరమాణువు ఎటు పోయిందో లెక్కేస్తే 8.4 కిలోలు ముక్కులోంచి గాలిగా పోతాయి, మిగతా 1.6 కిలోలు నీరవుతాయి. ఆ నీరు మూత్రంలోనో, చెమటలోనో, ఊపిరి తేమలోనో పోతుంది. బరువు తగ్గడానికి ప్రధానమైన దారి మన ఊపిరితిత్తులు. అదే పరిశోధకులు డాక్టర్లను, ఆహార నిపుణులను, జిమ్ ట్రైనర్లను అడిగితే ఎక్కువమంది కొవ్వు శక్తిగానో వేడిగానో మారుతుందన్నారు. వాళ్లకే ఇలా ఉంటే మా పక్కింటావిడను ఏమనగలం?

ఇది విని గట్టిగా ఊపిరి వదిలితే చాలు అనుకునేవాళ్లు వెంటనే తయారవుతారు, కాబట్టి ఆ సంగతీ చెప్పాలి. ఊపిరి కేవలం మోసుకుపోయే బండి. కణాల్లో కొవ్వు దహనం జరిగి సరుకు తయారైతేనే బండికి పని. కూర్చున్నచోట గబగబా ఊపిరి తీసి వదిలితే రక్తంలో అప్పటికే ఉన్న కార్బన్ డయాక్సైడ్ పోతుంది, తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కొవ్వు కణం మాత్రం కదలదు. ప్రాణాయామం మనసుకు మంచిది, చేసుకోండి. కానీ పొట్ట తగ్గేది నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు, కండరం ఆక్సిజన్ కోసం గుంజినప్పుడు. అన్నిటికన్నా ముఖ్యంగా, బయటికి పోయిన కార్బన్ కన్నా తక్కువ కార్బన్ నోట్లోంచి లోపలికి వెళ్లినప్పుడు.

అసలు చిక్కు ఇక్కడే. డెబ్బై కిలోల మనిషి నిద్ర, విశ్రాంతి, కాస్త తేలికపాటి పనులతో గడిపినా రోజుకు ఊపిరితో దాదాపు రెండు వందల గ్రాముల కార్బన్ వదులుతాడు. గంటసేపు పరుగెత్తితే ఇంకో నలభై గ్రాములు కలుస్తుంది. ఆ నలభై గ్రాములు పార్కు గేటు దగ్గర టిఫిన్ బండి ముందు ఆగితే పది నిమిషాల్లో తిరిగొచ్చేస్తాయి. నడక వృథా అని నా ఉద్దేశం కాదు. నడక గుండెకు, షుగరుకు, నిద్రకు, కండరానికి చేసే మేలు కాటా మీద కనబడదు. కానీ కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజూ ఐదు వందల కేలరీలు తక్కువ తింటే కిలో తగ్గడానికి పదిహేను రోజులు పడుతుంది. వారంలో పది కిలోలు అని గోడల మీద రాసేవాళ్లు ఏం తగ్గిస్తారో ఈ లెక్కతోనే తెలిసిపోతుంది: నీరు, కొంత కండ. అంత వేగంగా బరువు పడిపోతే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదమూ ఉంది.

నీటి సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే మా బరంపురంలో ఎక్కువమంది ఓడిపోయేది అక్కడే. అన్నం పూర్తిగా మానేస్తారు. మొదటి వారం రెండు కిలోలు తగ్గుతారు. కాలేయంలో, కండరాల్లో దాచిన పిండిపదార్థం, గ్లైకోజెన్, ఖర్చవుతుంది. దాని ప్రతి గ్రాముతో మూడు గ్రాముల దాకా నీరు అతుక్కుని ఉంటుంది, అదీ పోతుంది. తర్వాత ఏ చుట్టం ఇంట్లోనో ఒకరోజు పఖాళ, వేయించిన బడి (వడియాలు), చేపల పులుసు తింటారు. మర్నాటికి కాటా కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. ఒక్కపూటతో కొవ్వంతా తిరిగొచ్చిందని దిగులుపడి మొత్తం వదిలేస్తారు. తిరిగొచ్చింది నీరు. కిలోన్నర కొవ్వు ఒక పూటలో చేరాలంటే పదకొండు వేల కేలరీలు అదనంగా తినాలి. అది ఎవరివల్లా కాదు. పఖాళ మన తాతల నాటి చద్దన్నమే, ఈ ఎండకు అదే దిక్కు, దాన్ని దోషిని చేయడం అన్యాయం. గిన్నె చిన్నదైతే చాలు.

తగ్గినవాళ్లకు ఎందుకు మళ్లీ పెరుగుతుందన్న దానికి జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో కిర్‌స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో కొవ్వు కణాల వయసు కొలిచింది. 1950, 60 దశకాల్లో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో చేరిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ను ఆధారం చేసుకుని. పెద్దయ్యాక కొవ్వు కణాల సంఖ్య దాదాపు మారదని తేలింది. ఏటా పదోవంతు చచ్చిపోతాయి, అన్నే కొత్తవి పుడతాయి. ఆపరేషన్ చేయించుకుని బాగా తగ్గినవాళ్లలోనూ సంఖ్య తగ్గలేదు. ఖాళీ అయిన బస్తాల్లా అవి కుంచించుకుని అక్కడే ఉంటాయి. కొవ్వు తగ్గేకొద్దీ వాటి నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ కూడా తగ్గుతుంది, మెదడుకు ఆకలి పెరుగుతుంది. బరువు తిరిగి పెరిగినవాళ్లను నాలుక అదుపులో లేదని నలుగురిలో తిట్టేవాళ్లు ఈ ఒక్కటి తెలుసుకుంటే బాగుండు.

సన్నగా ఉన్నవాళ్లు ఇదంతా తమకు కాదనుకోకూడదు. పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరి ఫొటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు సూచిక (బీఎంఐ) ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే మన దేశంలో కాటా కన్నా టేపు నయం: నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. మొత్తం బరువులో ఐదు శాతం తగ్గినా కాలేయంలో పేరుకున్న కొవ్వు తగ్గుతుంది. బెల్టుకు ఆ శక్తి లేదు.

ఇదంతా ఆస్పత్రిలో ఎవరూ చెప్పరా అంటే, చెప్పే భాషే దొరకడం లేదు. ఇక్కడ తెలుగింటి పిల్లలు బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుతారు, ఇంటికొచ్చి అమ్మతో తెలుగు మాట్లాడతారు. శ్వాసక్రియ సమీకరణం పిల్లవాడి నోట్సులో ఒక భాషలో ఉంటుంది, అమ్మ నడుముకు బెల్టు ఇంకో భాషలో వచ్చి చేరుతుంది. మా పక్క జిల్లా పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని తానే ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. అదే నేల మీద ఇప్పుడు ఒక తల్లికి తన ఒంటి సంగతి తన మాటలో చెప్పే కాగితం ముక్క లేదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల ఆస్పత్రుల్లో ఒడియా పోస్టర్ల పక్కన తెలుగు పోస్టర్ ఒకటి అతికించడం పెద్ద ఖర్చేమీ కాదు.

నేను చేయగలిగింది నేను చేశాను. ఓ ఆదివారం పొద్దున్న, ఆవిడ ఇంకా టీ కూడా తాగకముందు, వాళ్లత్తగారి తమలపాకుల పెట్టెలోంచి గోరంత సున్నం తీసి గ్లాసు నీళ్లలో కలిపాను. అడుగుకు దిగాక పైన తేటను ఇంకో గ్లాసులోకి వంచి, స్ట్రా పెట్టి ఊదమన్నాను. పది ఊపిర్లకు తేట తెల్లబడింది, బియ్యం కడుగు నీళ్లలా. ఆవిడ గ్లాసును కిటికీ వెలుగులో పట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

“ఇందులో నా కొవ్వెంత మాస్టారూ?”

రాత్రి ఎనిమిది నుంచి ఏమీ తినలేదు కదమ్మా, సగం దాకా ఉండొచ్చు అన్నాను. ఆవిడ స్ట్రా మళ్లీ నోట్లో పెట్టుకున్నారు.